గుండ్రటి నగరపటానికి ఒక అద్దెదారుడి లేఖ

మహారాజశ్రీ వలయాల పటం గారికి,

1925లో సమాజశాస్త్రవేత్త ఎర్నెస్ట్ బర్జెస్ గారు చికాగోను చూసి తమరిని రూపొందించారు. నడిమధ్యన వ్యాపార కేంద్రం, దాని చుట్టూ శిథిలమవుతున్న వాడలు, ఆపైన కార్మికుల ఇళ్లు, మెరుగైన ఇళ్లు, చివరన శివార్లు. తూర్పున సరస్సు అడ్డొచ్చినా తమరి గుండ్రదనం చెక్కుచెదరలేదు. అభినందనలు.

తమరి మేలు అంతా ఇంతా కాదు. పేదలు పాడుబడ్డ చోటే ఎందుకుంటారని అడిగితే, మొక్కల శాస్త్రం నుంచి తెచ్చిన 'ఆక్రమణ', 'అనుక్రమం' చూపించేవారు. ఒక జాతి వస్తుంది, ఇంకొకటి పోతుంది. అడవిలో అద్దె వసూలు చేసేవాడూ అప్పివ్వనన్న బ్యాంకూ ఉండవు కాబట్టి నగరంలోనూ లేనట్టే. ఎంత హాయి!

మార్క్సిస్టులొచ్చి ఈ హాయి చెడగొట్టారు. అసలు తమరు పుట్టకముందే, 1845లోనే, మార్క్స్ సహచరుడు ఎంగెల్స్ ఇంగ్లండులోని మాంచెస్టర్ గురించి ఇదే రాశాడు: మధ్యలో వ్యాపారం, చుట్టూ కార్మికవాడలు, అవతల ధనికులు. ధనికులు వచ్చిపోయే రోడ్ల పొడవునా దుకాణాల వరసలుండేవట, వెనకున్న దారిద్ర్యం వాళ్ల కంటపడకుండా. కాకపోతే ఎవరి కష్టం ఎవరి జేబులోకి పోతోందో కూడా చెప్పాడు, పేచీ అక్కడే. 1973లో భూగోళశాస్త్రవేత్త డేవిడ్ హార్వీ ఆ పాత పుస్తకం తీసి, తమరికంటే ఎంగెల్సే నయమన్నాడు. అంతటితో ఆగాడా? అమెరికాలోని బాల్టిమోర్‌లో ఏ పేటకు అప్పు పుడుతుందో, ఏ పేటకు పుట్టదో తేల్చడంలో బ్యాంకుల చేయి ఎంతుందో బయటపెట్టాడు.

ఇంకో భూగోళశాస్త్రవేత్త నీల్ స్మిత్ మరీ మొండివాడు. పేట పాతబడ్డాక వచ్చే అద్దెకీ, అదే నేలను తిరగగడితే రాబట్టగల అద్దెకీ మధ్య తేడా పెరిగితే పెట్టుబడి వాలిపోతుందని 1979లో రాశాడు. పాతిళ్ల మీద ఎవరికో మోజు పుట్టినందువల్ల మాత్రమే పేటలు మారవట. మరమ్మతు చేయించకపోవడం యజమాని బద్ధకం అనుకునేవాణ్ణి. తీరా చూస్తే ఓపిగ్గా లాభం పండించడమట!

ఒక్క విషయంలో తమరిదే పైచేయి. నగరాల మీద రాసిన మరో మార్క్సిస్టు మాన్యుయెల్ కాస్తెల్స్ వాక్యాలు చదివితే తల తిరుగుతుంది, తమరినైతే పరీక్షలో రెండు నిమిషాల్లో గీసెయ్యొచ్చు. అందుకే పాఠాల్లో ఇంకా బతికున్నారు.

చిన్న మనవి. తమరి రెండో వలయంలో కాస్త చోటుంది. నేల ఎవరి పేరున ఉందో, దాని మీద అప్పు ఏ బ్యాంకుదో అక్కడ రాయించండి. జవాబు త్వరగా పంపండి. మా భవనాన్ని తిరగగడతారట. ఆలస్యమైతే ఉత్తరం నాలుగో వలయం దాటి రావాల్సి ఉంటుంది.

ఇట్లు,
ప్రస్తుతానికి రెండో వలయవాసి