రంగు మారలేదు, టోనీ ముఖం మారింది

నల్లజాతి, తెల్లజాతి ప్రేమల మీద వచ్చిన అమెరికన్ సినిమా అనగానే అందరూ 1967 నాటి ‘గెస్ హూస్ కమింగ్ టు డిన్నర్’ పేరే చెబుతారు. ఆ ఏడాది జూన్‌లోనే నల్ల, తెల్ల పెళ్లిళ్లను నిషేధించే చట్టాలు చెల్లవంటూ లవింగ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు కూడా వచ్చింది కాబట్టి రెండూ కలిసిపోయాయి. నాకైతే ఆ సినిమా మీద పెద్ద గౌరవం లేదు. అందులో నల్ల హీరో సిడ్నీ పాటియే పేరున్న డాక్టరు, మర్యాదస్తుడు. పిల్ల తల్లిదండ్రులు కాదంటే పెళ్లే వద్దంటాడు. తెల్లవాళ్లింటికి అల్లుడు కావాలంటే నల్లవాడు ఏకంగా శ్రీరామచంద్రుడై ఉండాలా?

అంతకు ఎనిమిదేళ్ల ముందే జాన్ కసావెటెస్ న్యూయార్క్‌లో ‘షాడోస్’ తీశాడు. అందులో ముగ్గురు నల్లజాతి తోబుట్టువులు. అన్న హ్యూ నల్లగా ఉంటాడు. బెన్, లీలియా చూడ్డానికి తెల్లవాళ్లలాగే ఉంటారు. లీలియాను ప్రేమించిన టోనీ ఆమె ఇంట్లో ఉండగా హ్యూ వస్తాడు. ఇతనే మా అన్న అంటుంది. టోనీ ముఖం చూడాలి అప్పుడు! ఏదో పని గుర్తొచ్చిందంటూ జారుకోబోతాడు. న్యూయార్క్‌లో అలాంటి పెళ్లిళ్లను ఆపే చట్టం లేదు. టోనీ మొరటోడూ కాదు, సాహిత్యం మాట్లాడే పార్టీల్లో తిరిగే కుర్రాడు. నిన్న ముద్దుపెట్టుకున్న ముఖమే ఇవాళా ఎదురుగా ఉంది. ఆమె రంగు ఇసుమంత కూడా మారలేదు. మారిందల్లా అతనికి తెలిసిన సంగతి. జాతి అనేది చర్మంలో లేదు, చూసేవాడి బుర్రలో ఉందని ఇంతకన్నా సూటిగా చెప్పిన సీను నేను చూడలేదు.

ఆ పాత్ర వేసిన లీలియా గోల్డోనీ ఇటాలియన్ మూలాలున్న తెల్ల నటి కదా అంటారు. నిజమే, ఆ అవకాశం నల్లజాతి నటికి దక్కి ఉండాల్సింది. కానీ టోనీని పట్టించింది ఆ తెల్లటి ముఖమే.

అసలు ఇది స్టూడియోలో పుట్టే సీను కాదు. తెరమీద ఏం చూపొచ్చో, ఏం కూడదో స్టూడియోలు తమకు తామే పెట్టుకున్న హాలీవుడ్ నియమావళి 1956 దాకా ఇలాంటి ప్రేమలను తెరమీదికి రానివ్వలేదు. కసావెటెస్ 1957లో ఓ రాత్రి రేడియో షోలో సినిమా కోసం శ్రోతలనే డబ్బు అడిగాడు, వాళ్లు పంపారు. మొత్తం ఖర్చు దాదాపు 40 వేల డాలర్లు. డబ్బు పెట్టినవాడే కథలో మంచివాడెవరో తేలుస్తాడని నేను ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నాను. 1964లో లారీ పీర్స్ ఒహాయోలో తీసిన చిన్న సినిమా ‘వన్ పొటాటో, టూ పొటాటో’ చూడండి. అందులో ఓ పాప ఉన్న తెల్ల తల్లి నల్లవాణ్ని రెండో పెళ్లి చేసుకుంటుంది. ఆ నల్ల భర్త డాక్టరు కాదు, మామూలు ఉద్యోగి. జడ్జీ దుర్మార్గుడు కాదు. అయినా పాపను తల్లి దగ్గర్నుంచి తీసి, వదిలేసి వెళ్లిన తెల్ల తండ్రికే అప్పగిస్తాడు.