నల్లకోటు మీద రెండు తెల్ల పట్టీలు

పందొమ్మిదో శతాబ్దపు స్వీడన్ తైలవర్ణ చిత్రాల్లో ఒక రకం ఉంది. గోడంతా ఆక్రమించేది కాదు, రాసుకునే బల్ల పైన మేకుకు తగిలించుకునేంత. ముదురు నేపథ్యం, నల్లకోటు, వెలుగు పడిన ముఖం, మెడ కింద రెండు తెల్ల గుడ్డపట్టీలు. ఆ పట్టీలే పాస్టర్ గుర్తు. స్వీడిష్‌లో వాటిని ప్రెస్ట్‌క్రాగె అంటారు. చామంతిని పోలిన ఒక తెల్లరేకుల పువ్వుకూ అక్కడ అదే పేరు. పైన పూసిన వార్నిష్ ఏళ్ల మీద పచ్చబడితే ఆ తెలుపు కాస్తా పేరిన నెయ్యి రంగుకు తిరుగుతుంది. కోటు నలుపు ఎండిన చెరువులా సన్నగా నెర్రెలిస్తుంది.

ఇలాంటి బొమ్మ కింద చీటీలో ‘పండితుడు, మతగురువు’ అని రాస్తారు. నా పేచీ ఆ కామాతోనే.

స్వీడిష్ కవి ఎసాయాస్ టెగ్నేర్‌నే తీసుకోండి. పుట్టింది 1782లో, ఆయన బొమ్మ వేసిన యుహాన్ గుస్తావ్ సాండ్‌బెర్గ్‌దీ అదే ఏడు. 1812లో టెగ్నేర్ లుండ్ విశ్వవిద్యాలయంలో గ్రీకు ప్రొఫెసర్ అయ్యాడు, ఆ ఏడే పాస్టర్‌గా అభిషేకం పొందాడు. కాకతాళీయం కాదది. ప్రొఫెసర్ జీతంలో భాగంగా ఒక పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ఊళ్లు) రాబడి రాసిచ్చే పద్ధతి అప్పుడుండేది. మన మాటల్లో మాన్యం. ఆయనకు స్టేవియే, లాకలేంగ అనే పల్లెలు దక్కాయి. గ్రీకు పాఠానికి పెట్టుబడి ఆ రైతులదన్నమాట.

పాస్టరంటే ప్రార్థన చేయించేవాడు మాత్రమే కాదు. చావుపుట్టుకల లెక్క ఆయన చేతిలోదే. 1749 నుంచి ఆ పట్టికలే దేశ జనాభా గణాంకాలు. 1824లో వెక్షో అనే ఊరికి బిషప్పయిన టెగ్నేర్, జనాభా పెరుగుదలకు శాంతి, టీకా, బంగాళాదుంప కారణాలన్నాడు. పారిష్ చిట్టాలు తిరగేసే కొలువులో ఉన్నవాడికి తట్టే మాటే ఇది. స్వీడన్ పార్లమెంటులోనూ 1823 నుంచి విశ్వవిద్యాలయాల ప్రతినిధులు కూర్చున్నది మతగురువుల సభలోనే. రాజ్యమే పెట్టని కామా మనమెందుకు పెట్టాలి?

చిత్రకారుడూ కొంత దాచాడనిపిస్తుంది. పండితులకూ బిషప్పులకూ స్వీడన్ రాజు ఇచ్చే ధ్రువతార పతకానికి 1975 దాకా రిబ్బన్ నలుపే. నల్లకోటులో అది కలిసిపోతే పతకపు తెల్ల శిలువ గాల్లో తేలుతున్నట్టుంటుంది. ఎవరి కష్టం మీద వేలాడుతోందో కనిపించదు. చీటీలో చోటు లేదంటారా? పల్లెల పేర్లు రెండే. ఒక్క వరుసలో పట్టేస్తాయి.