సవరణ: పసుపు మరక, సబ్బు, ఎండ

కథల్లో వంటనీ దుస్తులనీ వర్ణించడం మీద రాసిన గత టపాలో "సబ్బుతో రుద్దగానే పసుపు మరక పోయింది" అన్న వాక్యాన్ని సహజ వర్ణనకు ఉదాహరణగా ఇచ్చాం. దాన్ని తీసేశాం. బట్టల సబ్బులో క్షారగుణం ఉంటుంది. అది తగలగానే పసుపుకు ఆ రంగునిచ్చే కుర్కుమిన్ అనే పదార్థం ఎర్రబడుతుంది. తెల్ల చొక్కా చేతి మీద గోరంత పచ్చ మచ్చ నురగ కింద ఇటుక రంగుకు తిరుగుతుంది. నిమ్మరసం పిండితే మళ్లీ పసుపే. కథకుడికి అసలు పనికొచ్చేది ఆ ఎరుపే కదా, ఎందుకు వదులుకోవడం?

మరక నిజంగా వదిలేది ఎండకి. కూర మరకైతే ముందు జిడ్డు తీసి, బాగా జాడించి ఆరేయాలి. వెలుగుకు కుర్కుమిన్ విరిగి రంగు పోతుంది. రంగు పట్టుబట్టకు మాత్రం ఈ చిట్కా వద్దు, బట్ట రంగే వెలుస్తుంది.