పిన్ని తాగి పడలేదని ధ్రువీకరించడమైనది

మన పెద్దలు కాలాన్ని జాముల్లో కొలిచేవారు. జాము అంటే మూడు గంటలు. ఆ లెక్క ఎందుకో 2024 మే 29 దాకా నాకు అర్థం కాలేదు. ఆ రోజు బీమా కంపెనీల నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వారు ఆరోగ్య బీమా మీద మాస్టర్ సర్క్యులర్ ఇచ్చారు. క్యాష్‌లెస్, అంటే ఆసుపత్రి బిల్లు కంపెనీయే నేరుగా కట్టే ఏర్పాటు, అడిగిన గంటలో అనుమతి ఇవ్వాలి. డిశ్చార్జి సంగతి మూడు గంటల్లో తేల్చాలి. అంతకంటే ఆలస్యమై ఆసుపత్రి అదనంగా వసూలు చేస్తే ఆ డబ్బు పేషెంటు కాదు, కంపెనీ తన వాటాదారుల సొమ్ములోంచి కట్టాలి. చదువుతుంటే కళ్లు చెమర్చాయి. ఇంత గొప్ప మాట పుట్టింది ఎక్కడో ఢిల్లీలో కాదు, ఆ సంస్థ ఆఫీసున్న మన హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోనే కదా అని ఛాతీ కూడా కాస్త ఉబ్బింది.

మా పిన్నికి 67 ఏళ్లు. మొన్న కార్తీకంలో తెల్లవారుజామున తలస్నానం చేసి వస్తూ బాత్రూము గడప దగ్గర జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసి ప్లేటు బిగించారు. మూడో రోజు పొద్దున తొమ్మిదింటికి రౌండ్సుకు వచ్చిన డాక్టరు "ఇక ఇంటికెళ్లి రెస్టు తీసుకోండమ్మా" అన్నాడు. పిన్ని చీర మార్చుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని, ఆర్టీసీ బస్సు కోసం చూస్తున్నట్టు మంచం అంచున కూర్చుంది.

ఇక్కడో కిటుకు ఉంది. ఆ మూడు గంటలు డాక్టరు వెళ్లమన్నప్పటి నుంచి కాదు, ఆసుపత్రి పంపిన అభ్యర్థన కంపెనీకి అందినప్పటి నుంచి మొదలవుతాయి. మిగిలిన మందులు ఫార్మసీకి తిరిగివ్వాలి, నర్సు సంతకం కావాలి, సమ్మరీ టైపు కావాలి. బిల్లు కదిలేసరికి ఒకటీ నలభై. ఐఆర్‌డీఏఐకి బీమా కంపెనీల మీద పెత్తనం ఉంది గానీ ఆసుపత్రుల మీద లేదు. కాబట్టి ఆ నాలుగు గంటల నలభై నిమిషాలు ఎవరి ఖాతాలోనూ పడలేదు. పిన్ని నడుములో పడ్డాయంతే.

నాలుగూ ఇరవై ఐదుకి, అంటే జాము నిండడానికి పావుగంట ముందు, కంపెనీ నుంచి క్వెరీ వచ్చింది. పరీక్షలో చివరి బెల్లు కొట్టబోతుండగా అడిషనల్ షీటు అడిగే కుర్రాడు గుర్తొచ్చాడు. ప్రశ్న ఇది: పడిన సమయంలో పేషెంటు మద్యం మత్తులో ఉన్నారా? చికిత్స చేసిన డాక్టరు సంతకం, సీలుతో ధ్రువీకరించవలెను.

పిన్నికి తెలియకుండా చూద్దామనుకున్నాను. కౌంటరు కుర్రాడు పైకి చదివేశాడు. బాబాయి ముందు నవ్వాడు, తర్వాత ఎందుకో కిటికీ వైపు తిరిగాడు. పిన్ని మాత్రం తొణకలేదు. "ఆ పూట ఉపవాసంరా, కాఫీ చుక్క కూడా తాగలేదు. అది కూడా రాయించు" అంది.

ఆ క్వెరీ రాసిన అధికారిని నేను తప్పుపట్టను. ఆయన ఊహాశక్తికి నమస్కారం. ఆయనకు దృశ్యం కళ్లకు కట్టి ఉంటుంది. తెల్లవారుజాము నాలుగున్నర. తులసికోట దగ్గర దీపం. దీపం పక్కన క్వార్టరు సీసా, స్టీలు గిన్నెలో వేయించిన పల్లీలు, ఉపవాసం కాబట్టి ఉల్లిపాయ లేకుండా. తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకున్న 67 ఏళ్ల ముత్తయిదువ ఒక గుక్క వేసి, ఒక ప్రదక్షిణ చేసి, మళ్లీ ఒక గుక్క వేసి, మూడో ప్రదక్షిణకి తూలి గడప తట్టుకుంది. మరి మూడు రోజుల కిందట ఇదే చెయ్యికి, ఇదే ఎక్స్‌రేకి క్యాష్‌లెస్ ఇచ్చినప్పుడు ఈ అనుమానం ఏమైంది? మత్తు దిగడానికి టైమ్ పట్టినట్టుంది, వాళ్లకి.

డాక్టరు ఆపరేషన్ థియేటర్లో ఉన్నాడు. ఆరున్నరకి బయటికొచ్చి, కాగితం రెండుసార్లు చదివి, పిన్ని వైపు ఓసారి చూసి సంతకం పెట్టాడు. "క్వెరీ వస్తే టైమ్ మళ్లీ మొదట్నుంచి సార్" అన్నాడు కౌంటరు కుర్రాడు. ఆ మాట సర్క్యులర్‌లో ఎక్కడుందని అడిగితే నా వైపు జాలిగా చూశాడు. తొమ్మిదీ పదికి అనుమతి వచ్చింది. జాములు నాలుగు.

ఇక కోతలు. పాలసీ వెనక చిన్న అక్షరాల్లో 68 వస్తువుల జాబితా ఉంది, వాటికి డబ్బు రాదు. చెయ్యి విరిగితే బీమా ఉంది. ఆ చెయ్యి మెడకు తగిలించుకునే పట్టీకి లేదు. క్రేప్ బ్యాండేజీకి లేదు. గ్లౌజులకు, మాస్కుకు లేదు, అంటే డాక్టరు చేతులు కడుక్కుని నేరుగా దిగిపోవాల్సింది.

నవ్వుకుంటూ జాబితా కిందికి వెళ్తే మార్చురీ ఛార్జీలు కనిపించాయి. అక్కడ నా నవ్వు ఆగిపోయింది. అదే సర్క్యులర్‌లో ఇంకో నిబంధన ఉంది: చికిత్సలో మనిషి పోతే క్లెయిము వెంటనే తేల్చి, భౌతికకాయాన్ని వెంటనే విడిపించాలి. ఇది రూలుగా రాసి చెప్పాల్సి వచ్చింది! బిల్లు తేలలేదని తండ్రి శవాన్ని లోపల ఉంచుకుంటే బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న కొడుకు ఎవడో ఒకడు కాదు, చాలామంది ఉండబట్టే కదా రాశారు? ఫైలు నానబెట్టేది మీరు. ఆ ఆలస్యంలో శవం ఉన్న గది అద్దె మాత్రం మాకు సంబంధం లేదంటారు. సిగ్గు లేదూ? 2023-24లో షరతుల పేరు చెప్పి ఆరోగ్య బీమాలో కోసేసిన క్లెయిముల మొత్తం 15,100 కోట్లని నియంత్రణ సంస్థ నివేదికే చెప్పింది. అదంతా తులసికోట దగ్గర తాగినవాళ్ల డబ్బేనా?

వ్యక్తిగత, కుటుంబ పాలసీల ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి తీసేశారు, మంచిదే. డిసెంబరులో పార్లమెంటు చట్టం మార్చి బీమాలో విదేశీ పెట్టుబడిని 74 నుంచి 100 శాతానికి పెంచింది. ఏడు సముద్రాల అవతలి నుంచి డబ్బు వచ్చేస్తుంది గానీ, మూడో అంతస్తు నుంచి కౌంటరుకి ఫైలే రాదు.

అన్నట్టు, ఆ మత్తు సర్టిఫికెట్‌కి ఆసుపత్రి 300 రూపాయలు వేసింది. కంపెనీ కొట్టేసింది. సర్టిఫికెట్ ఛార్జీలు కూడా ఆ 68లో ఉన్నాయి. అడిగింది వాళ్లు, కట్టింది నేను. ఆటోలో బాబాయి ఆ కాగితాన్ని వీధి దీపాల వెలుగులో తిప్పి తిప్పి చూసి, పిన్నికి వినపడకుండా అన్నాడు: "ఇంకో మూడొందలు పడేసి నాకూ ఒకటి రాయించాల్సిందిరా."