పది కుండీలకు పత్తిచేను మందా?

మా అనంతపురంలో ఇప్పుడు ఏ మిద్దె ఎక్కినా కుండీలే. సంతోషం. కానీ ట్యాంకు నీడలో దాచిపెట్టిన పురుగుమందు సీసాను చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది.

మిరపాకు ముడుచుకుంటే చాలు, ఒక ఆకు తెంపుకొని అంగడికి పోతారు. అంగడాయన దాన్ని తిప్పి కూడా చూడకుండా ఒక డబ్బా చేతిలో పెడతాడు. చూస్తే ఏం పోతుందప్పా? అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకొని కాడ సాగితే నల్లి. మిరప రైతునడిగితే పైముడత, కింద ముడత అని నిమిషంలో చెప్తాడు. ఈ నల్లి మంచంలో ఉండే నల్లి కాదు, అసలు పురుగే కాదు, సాలీడుకు చుట్టం. దానికి రసం పీల్చే పురుగుల మందు ఇమిడాక్లోప్రిడ్ కొట్టి లాభం లేదు. సైపర్‌మెత్రిన్ లాంటివి కొడితే ఇంకా ఘోరం. నల్లిని తినేవి చచ్చి, అదే పెరుగుతుంది. అప్పుడు మళ్ళీ అంగడికి పోయి "ఇంకా గట్టిది ఇయ్యన్నా" అంటారు.

గట్టిదంటే? డబ్బా మీద ఎర్ర రంగుంటే అన్నిటికంటే విషం, ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎర్ర గుర్తున్న మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద కొట్టొద్దని 2005లోనే నిషేధించారు. ఎకరా లెక్కన రాసిన మోతాదును మనోళ్ళు మూతతో కొలుస్తారు. కొట్టినాక ఎన్ని రోజులు కోయకూడదో అదే కాగితంలో ఉంటుంది, చదివేదెవరు? సాయంత్రం కొట్టి, పొద్దున అదే కరివేపాకు తాళింపులో వేస్తారు. "కడుగుతాం కదా" అంటారు. కొన్ని మందులు చెట్టు లోపలికే పోతాయి తల్లీ, కడిగితే ఏం పోతుంది? మిగిలింది కూల్‌డ్రింక్ సీసాలో పోసిపెట్టే వాళ్ళను మాత్రం తిట్టడానికి నాకు మాటలు చాలవు.

ఎకరాల మీద అప్పు తెచ్చి పంట వేసిన రైతు కొట్టే మందు గురించి కాదు నేను మాట్లాడేది. ఆయన బాధ వేరు. మన పది కుండీలకు మన చేతులే చాలు కదా! మందారానికి తెల్లగా పిండి చల్లినట్టుండే పిండినల్లి పడితే పైపుతో గట్టిగా నీళ్ళు కొట్టండి, బాగా పట్టిన కొమ్మ కత్తిరించి పారేయండి. చీమల దారి కూడా చూసుకోండి, పిండినల్లి వదిలే తీపి జిగురు కోసం దాన్ని కాపాడేవి అవే. అప్పటికీ పోకపోతే లీటరు నీళ్ళకు యాభై గ్రాముల వేపగింజల పొడి రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కాస్త సబ్బునీళ్ళు కలిపి కొట్టండి. పొద్దుగూకినాకే సుమా, ఎండకు వేప పని చేయదు. మన ఎండకు అసలే చేయదు.

ఇంకొకటి. లేత కొమ్మలకు గుంపుగా పట్టి రసం పీల్చే పేనుబంక మధ్యలో నల్లగా, నారింజ మచ్చలతో బుల్లి మొసలిలాంటిది పాకుతుంటే చంపకండి. అది అక్షింతల పురుగు పిల్ల, పేనుబంకను తినడానికే వచ్చింది.

ఇంత చెప్పినా మందే కొడతామంటారా, మీ ఇష్టం. ఆషాఢం గాలికి మాత్రం కొట్టొద్దు, మీ మందు మా మిద్దె మీదకే వస్తుంది. కొట్టే ముందు ఒక కేకేయండి. ఆరేసిన గుడ్డలు తీసుకొని, పిల్లోళ్ళను కిందికి పంపిస్తాం.