అర్థమయ్యే భాషలో అప్పు

ఆంధ్రా సరిహద్దుని ఆనుకుని ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడి వాళ్లకి ఏ భాష అర్థమవుతుందో తేల్చడానికి ఒకప్పుడు పెద్దపెద్దవాళ్లే తలలు పట్టుకున్నారు. 1936 ఏప్రిల్ 1న మద్రాసు ప్రెసిడెన్సీలోంచి తీసి ఒడిశాలో కలిపి, తేలిపోయిందన్నారు. మళ్లీ 86 ఏళ్లకి, 2022లో, అదే ఏప్రిల్ 1న రిజర్వు బ్యాంకు మైక్రోఫైనాన్సు రూల్సు, అంటే పేదిళ్లకిచ్చే చిన్న అప్పుల రూల్సు, అమల్లోకి వచ్చాయి. అప్పు పత్రమూ లోను కార్డూ 'తీసుకున్నవారికి అర్థమయ్యే భాష'లో ఉండాలట. ఏప్రిల్ 1 అంటే పెద్దలకి ఎందుకంత ముచ్చటో!

మా వీధి పిన్ని ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది. బజార్లో ఒడియాలో బేరమాడుతుంది. చదువంటారా, తెలుగు కూడబలుక్కుంటుంది, అదీ ఏరవతల ఆంధ్రాలో ఉన్న పాతపట్నం బస్సు బోర్డు వరకే. ఆమెకిచ్చిన పత్రం ఇంగ్లీషులో ఉంది. అట్టడుగున 'ఇదంతా నాకు అర్థమయ్యే భాషలో వివరించారు' అని ఒక వాక్యం, అదీ ఇంగ్లీషులోనే. సంతకం సరిగ్గా దాని కింద.

అప్పు ఇప్పించే బాబు టైతో వచ్చాడు. గడగడా చదివి "బుఝిలే?" అన్నాడు, అర్థమైందా అని ఒడియాలో. "హఁ బాబూ, బుఝిలి" అంది పిన్ని మర్యాదకి. తర్వాత అసలు సంగతి అడిగింది.

"నూటికెంత బాబూ?"

"ఏపీఆర్ రాసుంది కదా!"

"ఏపీది మనకెందుకు బాబూ? ఏరు దాటితే కదా ఏపీ!"

నవ్వకండి. ఏపీఆర్ అంటే ఖర్చులతో సహా అప్పు మీద ఏడాదికి పడే శాతం. నూటికి నెలకి ఎన్ని రూపాయలన్నది మన తాతల నాటి కొలత. ఏడాదికి 24 శాతం అంటే బుర్ర గోక్కునే పిన్ని, రెండ్రూపాయల వడ్డీ అంటే నోటిలెక్కలో ఆ బాబుని ఓడిస్తుంది. అందుకే కాబోలు, ఆ ఒక్క ముక్క ఎక్కడా రాయరు. వడ్డీకి ఉన్న గరిష్ట పరిమితిని కూడా ఆ 2022 రూల్సే ఎత్తేశాయి. రేటు కంపెనీ బోర్డే పెట్టుకోవచ్చు, మరీ దారుణంగా మాత్రం ఉండకూడదు. ఎంతైతే దారుణమో చెప్పలేదు. కూరలో ఉప్పు ఎక్కువ కాకూడదని చెప్పి డబ్బా వంటవాడి చేతికే ఇచ్చారు.

ఇక ఫోన్లో అప్పులిచ్చే యాప్‌లు. 5,000 అప్పని 3,500 చేతిలో పెట్టి, వారం తిరిగేసరికి 5,000 కట్టమనే దొంగ సరుకు. ఫోన్లో కాంటాక్టుల జోలికి పోకూడదని వాటికీ 2022లోనే రూలుంది. ఆ రూలు ఆ యాప్‌లకి అర్థమయ్యే భాషలో లేదేమో.

అన్యాయంగా మాట్లాడకూడదు, భాష రూలు ఒక్కచోట తు.చ. తప్పక అమలవుతోంది. వసూలుకి వచ్చేవాడు చక్కటి తెలుగువాడు. "పిన్నీ, డబ్బులు" అంటాడు. ఇంత అర్థమయ్యే తెలుగు ఈ జిల్లాలో ఏ ఆఫీసూ మాట్లాడదు.

పొద్దున్న తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత ఫోన్ చేయకూడదు. చేయడు. ఐదున్నరకే వచ్చి అరుగు మీద కూర్చుంటాడు. ఆరైందా, నోటికి తాళం. రూల్లో అరుగు సంగతి లేదు కదా! మంచినీళ్లు అడుగుతాడు, అదీ సైగతోనే. వాచీ చూసుకుంటాడు. దోమని చప్పుడు కాకుండా తోలుకుంటాడు. ఈలోగా, ఒకరి అప్పుకి ఒకరు పూచీ పడ్డ గ్రూపు ఆడవాళ్లు ఒక్కొక్కరే చేరతారు. తను అనకూడని మాటలన్నీ వాళ్ల చేత అనిపిస్తాడు. మొన్నటిదాకా ఒకరి పిల్లకి ఒకరు జడలేసుకున్న ఆడవాళ్లు వాళ్లు.

సిగ్గుండాలి. ఇది తాకట్టు అక్కర్లేని అప్పు, రూలు పుస్తకంలో అలాగే రాసుంది. పోయిన వారం కిస్తీ కోసం పిన్ని చెవి కమ్మలు తాకట్టు పెట్టింది. వేపపుల్లలు గుచ్చుకుని తిరుగుతోంది. ఆ చెవుల్ని చూసిన వాడెవడైనా 'రూల్సన్నీ పాటించాం' అనగలడా? అంటాడు. కాగితం మీద సంతకం ఉంది మరి.

మర్నాడు ఎనిమిదీ యాభైకే వాకిట్లో నిలబడ్డాడు.

"ఇంకా తొమ్మిది అవ్వలేదు కదా బాబూ" అంది పిన్ని.

"అవ్వలేదు పిన్నీ. టీ తాగుతూ వెయిట్ చేస్తా."

టీ పిన్నే పెట్టింది.