ఆఖరి రౌండు దాకా ఆగుండ్రి

నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్‌లో ఈ మధ్య ఒక ఫ్లెక్సీ వెలిసింది. తెల్లకోటు వేసుకుని, మెడలో స్టెతస్కోపు తగిలించుకుని, ముప్పై రెండు పళ్లూ కనబడేలా నవ్వుతున్న ఒక అమ్మాయి. ఆ పిల్లది మన జిల్లా కాదు, చూడబోతే మన దేశం కూడా కాదు. ఇంటర్నెట్‌లో ఊరికే దొరికే బొమ్మ. కింద ఎర్రటి అక్షరాలు: ‘నీట్‌లో క్వాలిఫై అయ్యారా? సీటు రాలేదని దిగులు వద్దు. ఆఖరి రౌండ్లలో ఎంబీబీఎస్‌కు మంచి అవకాశం. నేడే సంప్రదించండి.’

పండుగ శుభాకాంక్షలు చెబుతూ దండం పెడుతున్న నాయకుల ఫ్లెక్సీ పక్కనే దీన్ని కట్టారు. రెండిట్లో రాసింది నమ్మేది ఒకే జనం కాబట్టి ఇరుగుపొరుగు బాగానే కుదిరింది.

ఇంతకూ ఈ క్వాలిఫై అయినవాళ్లెవరో చూద్దాం. 2025 నీట్‌లో, అంటే డాక్టరు చదువుకు పెట్టే ప్రవేశ పరీక్షలో, జనరల్ వాళ్లకు 720 మార్కులకు 144 వస్తే క్వాలిఫై. అంటే నూటికి ఇరవై. మా చిన్నప్పుడు నూటికి ఇరవై వస్తే ఇంట్లో అన్నం పెట్టేవాళ్లు కాదు, ఇప్పుడు ఊళ్లో ఫ్లెక్సీ పెడుతున్నారు. ఆ ఏడు 22 లక్షల మందికి పైగా పరీక్ష రాస్తే 12 లక్షల 36 వేల మంది ఇట్లా గట్టెక్కారు. దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు లక్షా ఇరవై వేలకు అటూ ఇటూ. పది మందికి ఒక సీటు. మిగిలిన తొమ్మిది మందిని ఏం చేయాలన్నది ఢిల్లీకి ఇప్పటికీ తెలియలేదు గానీ, క్లాక్ టవర్ దగ్గర మొబైల్ షాపు మీది గదిలో కూర్చున్న సారుకు తెలిసిపోయింది. ఆఖరి రౌండు దాకా ఆగమన్నాడు.

మన దగ్గర ఇదివరకు వానాకాలం, యాసంగి అని రెండే సీజన్లు. ఇప్పుడు ఆ రెంటి నడుమ, కౌన్సెలింగ్‌లో, అంటే ర్యాంకుల వరసన సీట్లు పంచే పనిలో, మిగిలినవి పంచే మాప్-అప్ రౌండు అని ఇంకో సీజన్ దూరింది, దాని తోక పట్టుకుని ఆఖరి ఖాళీలు నింపే స్ట్రే వేకెన్సీ రౌండు. పత్తి ఏరే రోజులకు ఊపందుకుంటుంది. ఈ సీజన్‌లో జిల్లాలో కౌన్సెలింగ్ నిపుణుడు కానివాడు లేడు. జిరాక్స్ సెంటర్‌లో పిల్లగాడు సర్టిఫికెట్ మిషన్ మీద బోర్లా పెడుతూనే ర్యాంకు చదివేసి, “ఆగుండ్రి సార్, ఈసారి కటాఫ్ దిగుతది” అంటాడు. దిగుతుందని వాడికి ఎవరు చెప్పారు? ఇంతకుముందు జిరాక్సుకు వచ్చినాయన చెప్పాడు. ఆయనకు ఎవరు చెప్పారు? ఈ పిల్లగాడే.

ఈ నిపుణులందరి దగ్గరా ఒక రుజువు ఉంటుంది. పోయినేడు ఎవరికీ ఆశ లేని ర్యాంకుతో ఆఖరి రౌండులో సర్కారు సీటు కొట్టిన పిల్లగాడు. ఎవరయ్యా వాడు అని మిర్యాలగూడలో అడిగితే నకిరేకల్ పిల్లగాడంటారు. నకిరేకల్‌లో అడిగితే దేవరకొండ అంటారు. దేవరకొండలో అడిగితే, మావోడు కాదు, కల్వకుర్తోడు అంటారు. కల్వకుర్తిలో విచారిస్తే వనపర్తి వైపు పోయిండట. ఈ లెక్కన వాడు ఈపాటికి కృష్ణ దాటి రాయలసీమలో లోకల్ కోటా అడుగుతూ ఉండాలి. అడ్మిషన్ ఆర్డర్ ఎవరూ చూడలేదు, వాడి అమ్మానాన్నలను ఎవరూ చూడలేదు. కానీ వాడి పేరు చెప్పి జిల్లాలో ఎన్ని ఇళ్లు దీపావళి దాకా పుస్తకాలు మూసి ఫోన్లు తెరిచి కూర్చున్నాయో!

మా వీధిలో ఒకాయన తోడు రమ్మంటే నేనూ ఆ మొబైల్ షాపు మీది గదికి పోయాను. రేకు బీరువా, లాప్‌టాప్, గోడకు నవ్వే అమ్మాయి చిన్న సైజు పోస్టరు. బల్ల మీద పోయినేడు ఆఖరి ర్యాంకుల పీడీఎఫ్ ప్రింటు, చేతులు మారీ మారీ అంచులు నల్లబడింది, ఆకుపచ్చ, పసుపు, గులాబీ రంగుల హైలైటర్ గీతలతో. దాని మీద ఒక చెక్క స్కేలు. ఈ శాస్త్రానికి కావలసిన పరికరం ఆ స్కేలు ఒక్కటే.

మాకంటే ముందు దేవరకొండ అవతలి తండా నుంచి వచ్చిన ఒకాయన, ఆయన బిడ్డ కూర్చుని ఉన్నారు. ఆయన ఒళ్లో జిప్పున్న ప్లాస్టిక్ కవరు. అందులో బోనఫైడ్‌లు, కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, అన్నీ రెండేసి జిరాక్సులతో. అమ్మాయి ర్యాంకు చెప్పింది. సారు స్కేలును కాగితం మీద పెట్టి, కళ్లు సగం మూసి, కిందికి జరపడం మొదలుపెట్టాడు.

“సారు, మా బిడ్డకు సీటొస్తదా?”

“ఎందుకు రాదు పెద్దాయనా? ఛాన్స్ ఉంది.”

“గవర్నమెంటుల?”

స్కేలు ఆగింది. “గవర్నమెంటు కష్టం.” స్కేలు కుడికి జరిగింది. “ప్రైవేటుల ‘ఏ’ కేటగిరీ కొంచెం టైట్.” ఇంకొంచెం కుడికి. “బీ ల పక్కా నడుస్తది.”

“బీ అంటే ఎంతైతది సారు?”

“పన్నెండు దాకా.”

“పన్నెండు వేలా?”

సారు నవ్వలేదు. వృత్తి మర్యాద తెలిసిన మనిషి. “లక్షలు.”

“అయిదేండ్లకా?”

“ఏడాదికి.”

పెద్దాయన కవరు జిప్పు సగం దాకా వేసి మళ్లీ తీశాడు. సారు మాత్రం అధైర్యపడలేదు, స్కేలును కాగితం చివరికంటా తోశాడు. “సీ కూడా ఉంది. ఎన్నారై కోటా. బయటి దేశంల సుట్టాలెవరన్న ఉన్నరా?”

“బొంబాయిల ఉన్నరు సారు. మా తమ్ముడు, మరదలు.”

బొంబాయి ఎన్నారై కిందికి రాదని సారు విచారం వెలిబుచ్చాడు. పాలమూరు, దేవరకొండ జనం తరతరాలుగా వలసపోయి మట్టి మోసిన ఊరు విదేశం కిందికి రాకపోవడం నిజంగా అన్యాయమే. బస్సుల్లో నిలబడిపోయిన దూరం లెక్కగడితే పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో సగం మంది ఎన్నారైలే. ఈ విషయం మీద వెంటనే ఒక జీవో తేవాలని నా మనవి.

“అయితే ఏం చెయ్యాలె సారు?”

“లాస్ట్ రౌండ్ల సీట్లు మిగులుతయి. ఆగుండ్రి. మిగిలినయి మనమే పట్టుకుందాం. ఇయ్యాల మాత్రం అయిదు వేలు కట్టి పేరు రాయించుకోండ్రి.”

“పిల్లకు నర్సింగుల సీటొచ్చింది సారు. చేర్పియ్యాల్నా?”

“వద్దు వద్దు. చేర్పిస్తే ఫోకస్ పోతది.”

ఆ ‘మిగిలిన సీట్ల’ సంగతి సారుకు తెలియక కాదు, అయిదు వేలు చేతిలో పడేదాకా చెప్పడు. సర్కారు కాలేజీలో ఫీజు ఏడాదికి 10 వేలు. ప్రైవేటులో కన్వీనర్ కోటా, అంటే ‘ఏ’ కేటగిరీకి 60 వేలు. ఇవి మిగిలితే గద్దల్లా తన్నుకుపోవడానికి వేల మంది కాచుకుని ఉంటారు. మొదటి రెండు రౌండ్లలోనే ఇవి దాదాపు సర్దుకుంటాయి. ఆ తర్వాత మారే ర్యాంకులు పిసరంత. మూడో రౌండులో చేరినవాడు ఇక కదలడానికి లేదు కాబట్టి ఆ చివర ఖాళీ అయ్యేవి కూడా తక్కువే. మరి చివరికి మిగిలేవి ఏవి? ప్రైవేటు కాలేజీల్లో వందకు 35 ఉండే బీ, అంటే మేనేజ్‌మెంటు కోటాలో, వందకు 15 ఉండే సీ కేటగిరీలో ఎవరూ కొనలేనివి. సీ ఫీజు బీకి దాదాపు రెట్టింపు. యూనివర్సిటీ హోదా ఉన్న ప్రైవేటు కాలేజీలు, అంటే డీమ్డ్ యూనివర్సిటీల వైపు చూస్తే, ముందు డిపాజిట్టే 2 లక్షలు పెట్టి తర్వాత మాట్లాడమంటారు. మిగలడానికి కారణం ర్యాంకు కాదు, ధర. అంత డబ్బు ఉన్న ఇంటివాళ్లు మొబైల్ షాపు మెట్లు ఎక్కరు, బత్తాయి తోట బేరం పెట్టి నేరుగా కాలేజీ గేటుకే పోతారు. తోట అమ్మినా ఎన్నేళ్ల ఫీజుకు సరిపోతుందన్నది తర్వాతి మాట.

కాలేజీలు లేక ఈ బాధ అనడానికీ లేదు. మహబూబ్‌నగర్‌లో 2016లో వచ్చింది. నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022లో. గద్వాల, నారాయణపేట, యాదాద్రి భువనగిరిలో 2024లో. 2024 నాటికే పాత నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఎనిమిది సర్కారు మెడికల్ కాలేజీలు, పైన బీబీనగర్ ఎయిమ్స్. కాలేజీ వచ్చిన ప్రతి ఊళ్లో శిలాఫలకం లేచింది, దానితోపాటే ఒక కన్సల్టెన్సీ కూడా లేచింది.

రాష్ట్రం కోటా సీట్లకు లోకల్ ఎవరన్న ముచ్చట చెప్పుకుంటే ఇంకో వ్యాసం అవుతుంది. వరసగా నాలుగేళ్లు ఇక్కడ చదివితేనే లోకల్ అన్న 2024 నాటి జీవో 33 కోర్టులు తిరిగి తిరిగి, సుప్రీంకోర్టులో తేలేసరికి 2025 సెప్టెంబరు. పిల్లలు నీట్ రాసింది మే 4న. మధ్యలో నాలుగు నెలలు తాను తెలంగాణవాడేనా అని పిల్లగాడు, వాడు మా కొడుకేనా అని తల్లిదండ్రులు తలలు పట్టుకున్నారు.

వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీకి చీకటంటే ప్రేమ. నోటిఫికేషన్ తరచుగా రాత్రి పొద్దుపోయాకే వస్తుంది. ఏ కాలేజీ కావాలో చెప్పే వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి గడువు రేపు సాయంత్రం దాకా. మన్ననూరు దగ్గర సిగ్నల్ కోసం చెట్టెక్కిన పిల్లకూ, బంజారాహిల్స్‌లో ఇద్దరు కన్సల్టెంట్ల మధ్య కూర్చున్న పిల్లకూ ఒకటే గడువు. ఇంతకంటే సమానత్వం ఎక్కడుంటుంది?

ఇక్కడిదాకా నవ్వుకున్నాం. సీటు బ్లాకింగ్ దగ్గర నాకు నవ్వు రాదు. మంచి ర్యాంకు వచ్చిన ఎవడో, ఇంకోచోట సీటు చేతిలో ఉండి కూడా, ఇక్కడ ఒక సీటు మీద పేరు పెడతాడు. చేరడు. ఆఖరి గడువు దాటాక దాన్ని వదిలేస్తాడు. ఖాళీ అయిన సీటు కౌన్సెలింగ్‌లోకి రాకుండా పక్కదారి పట్టి, అడిగినంత ఇచ్చినవాడి చేతిలో పడుతుంది. ఇది గాలిమాట కాదు. ఎంబీబీఎస్ తర్వాతి పీజీ సీట్లలో ఇలా జరుగుతోందని 2022 ఏప్రిల్‌లో యూనివర్సిటీయే వరంగల్ పోలీసులకు ఫిర్యాదు చేసింది. 2025 మేలో సుప్రీంకోర్టు పీజీ సీట్ల బ్లాకింగ్ మీదే తీర్పు చెబుతూ, దేశమంతా ఒకే కౌన్సెలింగ్ క్యాలెండర్ ఉండాలన్నది, ఫీజులు ముందే ప్రకటించాలన్నది, ఎవరి చేతిలో ఏ సీటుందో ఆధార్‌తో పట్టుకోవాలన్నది. అన్నది. అంటే సరిపోతుందా?

మర్రిగూడలో ఫ్లోరైడు నీళ్లు తాగి నడుం వంగిపోయిన మనుషులున్నారు. అమ్రాబాద్ అడవిలో జ్వరం వస్తే డాక్టరు కోసం ఘాటు రోడ్డు ఎక్కాలి. ఇక్కడి భాష, ఇక్కడి నొప్పి తెలిసిన ఒక పిల్ల డాక్టరై ఈ ఊళ్లకు తిరిగి రావాలంటే ఆమెకు కావలసింది ఛాన్స్ కాదు, న్యాయంగా నడిచే ఒక వరస. ఆ పిల్ల ఏం పాపం చేసింది? ఎవడో సీటు మీద తువ్వాల వేసి పోతే, ఆమె నవంబరు దాకా ఫోన్ చూసుకుంటూ కూర్చోవాలా? చేతికొచ్చిన నర్సింగు సీటు వదులుకోవాలా? క్లాసులు మొదలై అనాటమీలో ఎముకల పేర్లు నేర్చుకుంటున్న వాళ్ల ఫొటోలు వాట్సాప్‌లో చూస్తూ ‘ఫోకస్’ పెట్టాలా? ఆమెకు ఆగమని చెప్పడానికి ఆ స్కేలు పట్టుకున్న చేతికి సిగ్గు లేదా?

లేదు. ఎందుకంటే ఆ స్కేలుకు రెండో వైపు కూడా ఉంది. ఆఖరి రౌండు అయిపోయిన మర్నాడు అదే బల్ల, అదే సారు, కాగితం మాత్రం కొత్తది: కిర్గిజ్‌స్తాన్. ‘బడ్జెట్‌లో అయిపోతది పెద్దాయనా.’ అక్కడ 54 నెలల చదువు, అక్కడే ఏడాది ఇంటర్న్‌షిప్ ఉండాలన్న నిబంధన, తిరిగొచ్చాక 300కు 150 తెచ్చుకోవలసిన పరీక్ష, ఇవేవీ ఆ కాగితంలో ఉండవు. మంచు మాత్రం ఉంటుంది, రంగుల్లో. విదేశం వద్దంటే లాంగ్ టర్మ్ కోచింగ్ కాగితం తీస్తాడు. పేరు రాయించుకోవడానికి కట్టిన అయిదు వేలు ఫీజులో తగ్గిస్తారట.

నాకు పెద్ద కోరికలేమీ లేవు. ప్రతి రౌండుకు ముందు ఒక కాగితం కావాలి. ఏ కాలేజీలో, ఏ కేటగిరీలో ఎన్ని సీట్లు ఖాళీ, వాటి ఫీజు ఎంత, ఇప్పటిదాకా ఆ సీటు పట్టుకుని వదిలింది ఏ ర్యాంకువాడు, వాడికి ఇంకో రాష్ట్రంలో సీటుందా లేదా. అంతే. రాత్రి పదకొండు గంటలకు పీడీఎఫ్ పంపడం అలవాటైన యూనివర్సిటీకి ఇది పగలు పదకొండు గంటలకు పంపడం అంత కష్టమేమీ కాదు. అది కూడా రాత్రే పంపుతామంటే పంపండి, మాకు మెలకువ అలవాటే.